385 వోల్టులు, 10.5 ఆంప్స్: మా బోరు మోటారు నిరోధం ఎంత? పవర్ ఎంత?

పొలంగట్టు
అందరికీ నమస్కారం. మాది కదిరి వైపు. చీనీ (బత్తాయి) తోటకు బోరు ఉంది, అందులో 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ మోటారు. ప్లేటు మీద 3.7 కిలోవాట్లు, 415 వోల్టులు, 9.5 ఆంప్స్ అని ఉంది. పోయిన ఎండాకాలం వైండింగ్ కాలిపోతే బాగు చేయించాం. ఇప్పుడు మళ్ళీ రిలే, అంటే ఆంప్స్ మితిమీరితే మోటారును ఆపేసే పరికరం, మాటిమాటికీ ట్రిప్ అవుతోంది. మెకానిక్ వచ్చి టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ పట్టి ఆంప్స్ చూసే మీటరు) పెట్టి చూశాడు. దాదాపు 385 వోల్టులు, 10.5 ఆంప్స్ ఉన్నాయన్నాడు. రిలేను 12 ఆంప్స్‌కు తిప్పి వెళ్ళిపోయాడు.

నేను బడిలో చదువుకున్నట్టు లెక్క వేశాను. నిరోధం 385 ÷ 10.5 = 36.7 ఓములు. పవర్ 385 × 10.5 = 4042 వాట్లు. తర్వాత మెయిన్ ఆపేసి, ఫ్యూజులు పీకి, స్టార్టర్ దగ్గర మోటారు వైర్లు విప్పి మల్టీమీటర్‌తో చూస్తే ఏ రెండు వైర్ల మధ్య చూసినా 7.3 ఓములే ఉంది. అది నిజమైతే 385 ÷ 7.3 = దాదాపు 53 ఆంప్స్ లాగాలి కదా? 36.7 నమ్మాలా, 7.3 నమ్మాలా? ఇంకో సంగతి, 4042 వాట్లు లోపలికి పోయి 3700 బయటికి వస్తే మోటారు చాలా బాగున్నట్టే కదా, మరి ఎందుకు ట్రిప్ అవుతోంది?

ట్రిపుల్ ఈ కుర్రాడు
అన్నా, పవర్ లెక్కలో 1.732 వదిలేశారు. త్రీ ఫేజ్‌కి సూత్రం 1.732 (3 వర్గమూలం) × వోల్టులు × ఆంప్స్ × పవర్ ఫ్యాక్టర్ (లాగిన దానిలో నిజంగా పవర్‌గా మారే వంతు). 1.732 × 385 × 10.5 = 7002. ఇది వోల్ట్ ఆంపియర్లు, ఇంకా వాట్లు కాదు. పవర్ ఫ్యాక్టర్ 0.8 అనుకుంటే 5600 వాట్లు. అంటే 5.6 కిలోవాట్లు పోయి 3.7 బయటికి వస్తోంది. మిగతాదంతా వేడే.

పొలంగట్టు
థ్యాంక్స్ తమ్ముడూ. ఆ 0.8 ఎక్కడి నుంచి వచ్చింది? ప్లేటు మీద లేదు. ఊహేనా?

పాత లైన్‌మన్
మంచి ప్రశ్న అడిగావు నాయనా. ఊహించాల్సిన పనిలేదు, నీ మీటరే చెబుతుంది. ఎలక్ట్రానిక్ మీటరు అయితే ఒక చిన్న ఎర్ర లైటు కొట్టుకుంటూ ఉంటుంది. యూనిట్‌కు ఎన్నిసార్లు కొడుతుందో మీటరు ముఖం మీదే రాసి ఉంటుంది. మోటారు ఒక్కటే నడుస్తున్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు కొట్టిందో లెక్కపెట్టి ఇక్కడ పెట్టు.

దాంతోపాటు మూడు సంగతులు చెప్పు. మూడు జతల మధ్య వోల్టేజి విడివిడిగా. మూడు ఫేజుల ఆంప్స్ విడివిడిగా. స్టార్టర్ నుంచి మోటారు దాకా కేబుల్ ఎంత పొడవు, ఏ సైజు. ఒక్క జత చూసి "385 ఉంది" అనడం సగం చూపే. ఒక ఫేజు జబ్బుపడితే అది మిగతా రెండింటి చాటున దాక్కుంటుంది.

సైన్సు మాస్టారు
పొలంగట్టు గారు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు ఇంకా మిగిలే ఉంది: 36.7 నమ్మాలా, 7.3 నమ్మాలా అని.

వోల్టులను ఆంప్స్‌తో భాగిస్తే ఎప్పుడూ ఓములే వస్తాయి. అయితే ఆ ఓములు దేనివో చూడాలి. గీజరు, ఇస్త్రీ పెట్టె, హీటర్ లాంటివాటిలో కరెంటు చేసే పని ఒక్కటే, తీగను వేడి చేయడం. అక్కడ భాగహారం నేరుగా తీగ నిరోధాన్నే ఇస్తుంది. 230 వోల్టులు, 2000 వాట్ల గీజరు తీసుకోండి. కరెంటు 2000 ÷ 230 = 8.7 ఆంప్స్. నిరోధం 230 ÷ 8.7 = 26.4 ఓములు. ప్లగ్గు తీసి మల్టీమీటర్ పెట్టినా ఇంచుమించు అంతే వస్తుంది.

తిరిగే మోటారులో అలా కాదు. లోపల తిరిగే అయస్కాంత క్షేత్రం ఆ వైండింగ్‌లోనే ఒక ఎదురు వోల్టేజిని పుట్టిస్తుంది. మీరు ఇచ్చిన వోల్టేజిలో ఎక్కువ భాగం దాన్ని ఎదుర్కోవడానికే పోతుంది. రాగి నిరోధం మీద పడేది మిగిలిన కొంచెమే. మోటారు ఆగి ఉన్నప్పుడు మల్టీమీటర్ చూపించేది ఒట్టి రాగిని. తిరుగుతున్నప్పుడు భాగిస్తే వచ్చేది రాగి, అయస్కాంతం, నీళ్ళు పైకి తోసే పని, అన్నీ కలిసిన ఇంపెడెన్స్. రెండు అంకెలూ నిజమే, కాకపోతే రెండు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు.

మీ 36.7లో ఇంకో సవరణ ఉంది. 385 అనేది రెండు లైన్ల మధ్య వోల్టేజి, 10.5 ఒక్క లైనులో కరెంటు. రెండింటినీ ఒకే ఫేజుకు తేవాలి. 385 ÷ 1.732 = 222 వోల్టులు. 222 ÷ 10.5 = 21.2 ఓములు. ఇదీ ఫేజుకు ఇంపెడెన్స్. మల్టీమీటర్ రెండు వైర్ల మధ్య చూపిన 7.3లో రెండు ఫేజులు వరసగా ఉంటాయి కాబట్టి ఒక్కదానికి సగం, 3.65 ఓములు. అంటే నడుస్తున్న 21.2 ఓముల్లో రాగి వాటా 3.65 మాత్రమే. ఆ రాగిలో పుట్టే వేడి 3 × 10.5 × 10.5 × 3.65, సుమారు 1200 వాట్లు. ఈ 1200ను గుర్తుపెట్టుకోండి, మీ ట్రిప్పుల కథంతా ఇందులోనే ఉందనిపిస్తోంది.

మిద్దెతోట
మాస్టారూ, గీజరు మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. మేం హైదరాబాద్ శివారులో ఉంటాం. సాయంత్రాలు వోల్టేజి 200కు పడిపోతుంది. అప్పుడు 15 లీటర్ల గీజరు చాలాసేపు తీసుకుంటుంది. గీజరు పాడైందని మెకానిక్ అంటున్నాడు. నిజమేనా?

సైన్సు మాస్టారు
లెక్క వేసి చూద్దామమ్మా. ఎలిమెంట్ నిరోధం 26.4 ఓములు, అది మారదు. 200 ÷ 26.4 = 7.6 ఆంప్స్. పవర్ 200 × 7.6 = 1520 వాట్లు. వోల్టేజి 13 శాతం తగ్గితే పవర్ 24 శాతం తగ్గింది, ఎందుకంటే వోల్టేజితోపాటు కరెంటు కూడా తగ్గింది. 15 లీటర్ల నీటిని 30 డిగ్రీలు పెంచడానికి సుమారు 18.8 లక్షల జౌళ్ళు కావాలి. 2000 వాట్లకు దాదాపు 16 నిమిషాలు. 1520 వాట్లకు దాదాపు 21 నిమిషాలు. మీకు ఈ 5 నిమిషాల తేడానే కనిపిస్తుంటే గీజరు బాగానే ఉంది. అంతకన్నా చాలా ఎక్కువ పడుతుంటే ఎలిమెంట్ మీద పొర పేరుకుందేమో చూపించండి.

పొలంగట్టు
ఆగండి మాస్టారూ. గీజరులో వోల్టేజి తగ్గితే కరెంటు తగ్గింది. నా మోటారుకు 415 రావాల్సింది 385 వస్తోంది, కరెంటేమో 9.5 దాటి 10.5 అయింది. ఓమ్ నియమం ప్రకారం తగ్గాలి కదా?

ట్రిపుల్ ఈ కుర్రాడు
ఇండక్షన్ మోటారు స్థిరమైన పవర్ లోడ్ అన్నా. మాకు మెషీన్స్ పేపర్లో ఇదే ఉంటుంది.

రాగితీగ
నేను మోటార్లు వైండింగ్ చేస్తాను. పుస్తకం మాట కన్నా బోరులో ఏం జరుగుతుందో చెబుతా. పంపుకు పైపులో నీళ్ళ ఎత్తు అంతే ఉంది, వేగం కూడా దాదాపు అంతే. కాబట్టి షాఫ్టు మీద అది అడిగే పని మారదు. వోల్టేజి తగ్గితే లోపలి అయస్కాంత బలం తగ్గుతుంది. రోటరు, అంటే లోపల తిరిగే భాగం, కాస్త వెనకబడుతుంది. వెనకబడ్డ కొద్దీ అందులో కరెంటు పెరుగుతుంది, దానికి తగ్గట్టు వైండింగ్ కూడా లైను నుంచి ఎక్కువ లాగుతుంది. పని మాత్రం అంతే జరుగుతుంది. వోల్టేజి తగ్గిన మేరకు ఆంప్స్ పెరుగుతాయి.

ఇందులో రాగికి ఏమవుతుందో చూడండి. వేడి ఆంప్స్ వర్గంతో పెరుగుతుంది. 10.5 ÷ 9.5 = 1.105, దాని వర్గం 1.22. వైండింగ్‌లో 22 శాతం అదనపు వేడి. రిలే ట్రిప్ అయింది ఇందుకే. దానికి పిచ్చి పట్టలేదు, దాని పని అది చేసింది. 12కు తిప్పారంటే ఇక 12 ఆంప్స్ దాకా అది నోరెత్తదు. 12 దగ్గర వేడి 60 శాతం ఎక్కువ. మీ మోటారు మళ్ళీ నా బల్ల మీదికి రాకూడదని చెబుతున్నా, ఈరోజే రిలేను 9.5కు తిప్పండి. ట్రిప్ అయితే కానివ్వండి, కారణం వెతుకుదాం.

ఇంకొకటి, 7.3 ఓముల్లో వైండింగ్ ఒక్కటే లేదు, కేబుల్ కూడా ఉంది. 5 హెచ్‌పీ వైండింగ్‌కు 7.3 ఎక్కువ.

చీనీ రైతు
మా పక్క అందరం రిలే పెంచే నడుపుతాం. లేకపోతే కరెంటు ఉన్న కాసేపట్లో నీళ్ళు పారవు. చెట్లు ఎండిపోతే రిలే ఏం చేస్తుంది?

రాగితీగ
మీ బాధ తెలుసన్నా. నా దగ్గరికి వచ్చే సబ్‌మెర్సిబుళ్ళలో చాలావాటికి కథ ఇదే. మోటారు ఒకసారి కాలితే బోరులోంచి పైపులు పైకి తీయాలి, వైండింగ్ చేయాలి, మళ్ళీ దింపాలి. ఆ నాలుగు రోజులూ చెట్లకు చుక్క ఉండదు. మీరు కాపాడుకోవాలనుకున్న నీళ్ళే పోతాయి.

పొలంగట్టు
రిలే 9.5కు తిప్పాను. పెద్దాయన అడిగినవన్నీ మా ఊరి ఎలక్ట్రీషియన్‌ను పక్కన పెట్టుకుని చూశాను.

రెడ్–ఎల్లో 388 వోల్టులు, ఎల్లో–బ్లూ 382, బ్లూ–రెడ్ 385.
ఆంప్స్: రెడ్ 10.8, ఎల్లో 10.3, బ్లూ 10.4.
మీటరు మీద యూనిట్‌కు 800 పల్సులు (లైటు కొట్టడాలు) అని ఉంది. నిమిషానికి 77, 78 కొడుతోంది.
కేబుల్ 2.5 స్క్వేర్ ఎంఎం రాగి. స్టార్టర్ నుంచి బోరు దాకా 180 మీటర్లు, బోరులో ఇంకో 90 మీటర్లు.
ట్రాన్స్‌ఫార్మర్ 25 కేవీఏ (వెయ్యి వోల్ట్ ఆంపియర్లు ఒక కేవీఏ). దాని మీద మాతో కలిపి ఐదు మోటార్లు, అన్నీ 5 హెచ్‌పీలే.

ట్రిపుల్ ఈ కుర్రాడు
పవర్ ఫ్యాక్టర్ దొరికేసింది! నిమిషానికి 77.5 అంటే గంటకు 4650. 800తో భాగిస్తే 5.8 కిలోవాట్లు. 5800 ÷ 7002 = 0.83.

సైన్సు మాస్టారు
భేష్. వోల్టేజి, కరెంటు చూసి వేసిన లెక్కను మూడో దారిలో సరిచూసుకున్నాం. ఇక కేబుల్ సంగతి చూద్దాం.

ఒక స్క్వేర్ ఎంఎం రాగి తీగ కిలోమీటరు పొడవుకు సుమారు 17.2 ఓములు. 2.5కు 6.9 ఓములు. మీ కేబుల్ మొత్తం 270 మీటర్లు కాబట్టి ఒక్కో కోరుకు (కేబుల్ లోపలి తీగకు) 1.86 ఓములు. రెండు కోర్లకు 3.7. మల్టీమీటర్ చూపిన 7.3లోంచి తీసేస్తే వైండింగ్ 3.6. రాగితీగ గారి అనుమానం అచ్చంగా నిజమైంది, సగానికి పైగా కేబులే.

కేబుల్‌లో పోయే పవర్ 3 × 10.5 × 10.5 × 1.86 = 615 వాట్లు, నేను గుర్తుపెట్టుకోమన్న 1200లో సగం. మీ 5.8 కిలోవాట్లలో మోటారుకు అందేది 5.2. వోల్టేజి కూడా ఈ దారిలో సుమారు 27 పడిపోతుంది. స్టార్టర్ దగ్గర 385 చూస్తున్నారు, అడుగున మోటారు దగ్గర 358 మాత్రమే ఉంటుంది. మోటారు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 358 ÷ 415 వర్గం 0.74. అంటే నడుస్తున్నప్పుడే మోటారు నాలుగో వంతు బలాన్ని కోల్పోతోంది.

మిద్దెతోట
615 వాట్లు ఒట్టి వైరులోనే! 9 గంటలు నడిస్తే రోజుకు ఐదున్నర యూనిట్లు. మా ఇంటి వాడకం కన్నా ఎక్కువే.

ట్రిపుల్ ఈ కుర్రాడు
స్టార్టర్ దగ్గర 2 కేవీఏఆర్ (కెపాసిటర్ సైజుకు కొలత) కెపాసిటర్ పెడితే? పవర్ ఫ్యాక్టర్ పెరిగి ఆంప్స్ తగ్గుతాయి.

రాగితీగ
కెపాసిటర్ మంచిదే తమ్ముడూ, పెట్టాల్సిందే. కానీ అది స్టార్టర్ దగ్గర ఉంటే స్టార్టర్‌కు ముందున్న లైనులో, ట్రాన్స్‌ఫార్మర్‌లో ఆంప్స్ తగ్గుతాయి. స్టార్టర్ నుంచి కిందికి పోయే కేబుల్‌లో, వైండింగ్‌లో అదే 10.5 పారుతుంది. పైన టాంగ్ టెస్టర్ పెడితే 9.3 చూపిస్తుంది. అది చూసి మోటారు బాగుపడిందని రైతు మోసపోకూడదు. రిలే మోటారు వైపు ఆంప్స్‌నే చూడాలి.

పాత లైన్‌మన్
ఐదు మోటార్ల సంగతికి తర్వాత వస్తా. ముందు ఆ మూడు వోల్టేజీలు చూడండి. బ్లూ ఉన్న రెండు జతలూ తక్కువ, బ్లూ లేని జత ఎక్కువ. తేడా 6 వోల్టులే, ఎవరూ పట్టించుకోరు. నేను పట్టించుకుంటా. బ్లూ ఫేజులో స్టార్టర్‌కు ముందు ఎక్కడో ఒక పట్టు వదులైంది. ఫ్యూజు కారియర్ (ఫ్యూజు తీగ ఉండే పింగాణీ పట్టు), మెయిన్ స్విచ్, స్తంభం మీద జాయింటు, ఈ మూడింట్లో ఒకటి.

స్తంభం మీద జోలికి మీరెవరూ పోవద్దు, అది లైన్‌మన్ పని. ఫ్యూజు కారియర్ దగ్గర మాత్రం ఎలక్ట్రీషియన్ చూడొచ్చు. మోటారు నడుస్తుండగా, మీటరును ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒకే ఫేజులో ఫ్యూజుకు పైన ఒక పిన్ను, కింద ఒక పిన్ను ఆనించాలి. బాగున్న ఫ్యూజు మీద దాదాపు ఏమీ చూపించదు. కాళ్ళకు చెప్పులు, పొడి చెక్క మీద నిలబడి, గ్లవ్స్ వేసుకుని, అలవాటున్న చేయే చేయాలి. నీళ్ళు పారుతున్న మడి పక్కన బోర్డు ఉంటే అసలు వద్దు. మీటరు ఓముల్లో ఉండగా కరెంటున్న చోట తగిలించకూడదు. తొందరలో అలా చేసి చేతులు కాల్చుకున్నవాళ్ళను చూశాను.

పొలంగట్టు
ఎలక్ట్రీషియనే చూశాడు. రెడ్ ఫ్యూజు మీద 0.1, ఎల్లో మీద 0.1. బ్లూ మీద 6 వోల్టులు!

సైన్సు మాస్టారు
పిల్లలకు నేను బోర్డు మీద చెప్పే లెక్క మీ షెడ్డులో దొరికింది. వోల్టేజి 6, కరెంటు 10.4. నిరోధం 6 ÷ 10.4 = 0.58 ఓము. పవర్ 6 × 10.4 = 62 వాట్లు. ఇక్కడ 1.732 అక్కర్లేదు, పవర్ ఫ్యాక్టర్ అక్కర్లేదు, ఎందుకంటే ఇది ఒక్క ఫేజులో ఒట్టి నిరోధం. రెండు వేళ్ళంత పింగాణీ ముక్కలో 60 వాట్ల బల్బంత వేడి పుడుతోంది.

అర ఓము కొలవాలంటే మామూలు మల్టీమీటర్‌కు కష్టం, దాని పిన్నుల వైర్లకే అటూఇటూగా అంత నిరోధం ఉంటుంది. పైగా ఫ్యూజు పీకి కొలిస్తే ఆ వదులు పట్టు కదిలిపోయి ఏమీ కనిపించదు. నడుస్తుండగా వోల్టేజి, కరెంటు కొలిచి భాగిస్తేనే దొరికింది. ఈ పద్ధతికి అసలు విలువ ఇక్కడే ఉంది.

ఓమ్ గారిని కూడా ఒకసారి తలుచుకోవాలి. ఆయన జర్మనీలో కొలోన్ నగరంలో బడి మాస్టారు. మొదట బ్యాటరీలతో ప్రయోగాలు చేస్తే కరెంటు లాగిన కొద్దీ బ్యాటరీ వోల్టేజి పడిపోయి లెక్కలు నిలకడగా రాలేదు. తర్వాత రెండు లోహాల జంటను ఒక వైపు మరిగే నీటిలో, ఒక వైపు మంచులో ఉంచి నిలకడైన వోల్టేజి సాధించాడు. 1827లో తన నియమాన్ని పుస్తకంగా వేశాడు. లండన్ రాయల్ సొసైటీ 1841లో కాప్లీ పతకం ఇచ్చేదాకా ఆయనకు పెద్దగా గుర్తింపు రాలేదు. వేడి కరెంటు వర్గంతో పెరుగుతుందని జౌల్ చూపించింది కూడా ఆ రోజుల్లోనే. పొలంగట్టు గారి కష్టం ఓమ్ పడ్డ కష్టమే. లోడు పడగానే వోల్టేజి కదిలిపోతుంది, అందుకే వోల్టేజి, కరెంటు ఒకే సమయంలో చూడాలి.

ట్రిపుల్ ఈ కుర్రాడు
మాస్టారూ, ఒక సందేహం. 100 వాట్ల పాత బల్బు చల్లగా ఉన్నప్పుడు కొలిస్తే సుమారు 40 ఓములే చూపిస్తుంది. లెక్క ప్రకారం 230 × 230 ÷ 100 = 529 రావాలి. ఇది కూడా మోటారులాగా ఎదురు వోల్టేజి వల్లేనా?

సైన్సు మాస్టారు
కాదు. బల్బులో ఎదురు వోల్టేజి ఏమీ లేదు. వెలుగుతున్నప్పుడు టంగ్‌స్టన్ తీగ 2000 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది, నిరోధమే నిజంగా పెరుగుతుంది. రాగి కూడా డిగ్రీకి 0.39 శాతం చొప్పున పెరుగుతుంది. వైండింగ్ 50 డిగ్రీలు వేడెక్కితే నిరోధం దాదాపు 20 శాతం పెరుగుతుంది. నా 1200 వాట్ల లెక్క చల్లని రాగిది, అసలు వేడి ఇంకాస్త ఎక్కువే.

రాగితీగ
వైండింగ్ ఎంత వేడెక్కిందో మేం పట్టుకునేది కూడా ఇలాగే. ఆపగానే నిరోధం కొలుస్తాం, చల్లారాక కొలిచిన దానితో పోలుస్తాం.

పొలంగట్టు
మెయిన్ ఆపి బ్లూ కారియర్ తీసి చూస్తే లోపల రాగి పట్టీ నల్లబడింది, పింగాణీ గోధుమ రంగుకు తిరిగింది, వైరు మీది తొడుగు గట్టిపడి పెళుసైంది. కొత్త కారియర్ వేసి, వైరు కొస కత్తిరించి మళ్ళీ బిగించాం. ఇప్పుడు మూడు జతలూ 388, 389. ఆంప్స్ మూడింటా 10.3, 10.4. ఇంకా 9.5కు దిగలేదు.

పాత లైన్‌మన్
దిగదు. అగ్గి భయం పోయింది, అది చాలు. ఇప్పుడు ట్రాన్స్‌ఫార్మర్ సంగతి. నీ మోటారు ఒక్కటే 7 కేవీఏ. ఐదు కలిస్తే 35. ట్రాన్స్‌ఫార్మర్ 25. మూడు మోటార్లకు హాయిగా సరిపోతుంది, ఐదింటికి ఎలా సరిపోతుంది? త్రీ ఫేజ్ రాగానే ఐదూ ఒక్కసారి మొదలైతే ఇంకా అధ్వానం. మొదలయ్యేటప్పుడు ఒక్కోటి ఐదారు రెట్లు లాగుతుంది. కరెంటు రాగానే మోటారును తనంతట తానే మొదలుపెట్టే ఆటో స్టార్టర్ల వల్ల జరిగేది అదే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు ఇచ్చేముందు ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పింది ఇందుకే.

పక్క రైతులతో కూర్చుని మాట్లాడు. ముగ్గురు ముందు, ఇద్దరు తర్వాత నడుపుకోండి. రెండు పూటలు మూడే నడిపి చూసి వోల్టేజి చెప్పు. అదనపు ట్రాన్స్‌ఫార్మర్‌కు ఐదుగురూ కలిసి అర్జీ పెట్టండి, ఈ అంకెలు కూడా అందులో రాయండి. 415కు 6 శాతం తగ్గితే 390. మీకు అంతకన్నా తక్కువ వస్తోందని కాగితం మీద ఉంటే అర్జీకి బలం.

చీనీ రైతు
మా ట్రాన్స్‌ఫార్మర్ మీద ఏడు మోటార్లు. నేను కూడా మూడు జతలూ రాసుకుని వస్తా. ఇదే చోట పెట్టొచ్చా?

పాత లైన్‌మన్
పెట్టు నాయనా.

పొలంగట్టు
వంతులు ఒప్పుకున్నారు. మా మామ ఒక్కడు మొదట వద్దన్నాడు, ఆయన మోటారు దగ్గర కూడా ఆంప్స్ చూపించాక సరేనన్నాడు. మూడు మోటార్లే నడుస్తుంటే నా స్టార్టర్ దగ్గర 405 వోల్టులు, 9.9 ఆంప్స్. రిలే 9.5 మీదే ఉంది, దాన్ని కాస్త దాటినా ట్రిప్ కాలేదు. నీళ్ళు కూడా ధారగా వస్తున్నాయి.

ఇక కేబుల్. 6 స్క్వేర్ ఎంఎం అయితే బాగుంటుందా? బోరులో ఉన్నది ఇప్పుడే తీయలేను, పైన 180 మీటర్లే మారుస్తా.

ట్రిపుల్ ఈ కుర్రాడు
6 స్క్వేర్ ఎంఎంకు కిలోమీటరుకు 2.87 ఓములు. 180 మీటర్లకు 0.52. బోరులోని 90 మీటర్ల పాత కేబుల్‌కు 0.62. మొత్తం 1.14, ఇప్పటి 1.86కు బదులు. స్టార్టర్ దగ్గర 405 ఉంటే మోటారు దగ్గర ఇప్పుడు 380 వస్తోంది, అప్పుడు 390 వస్తుంది. ఆంప్స్ 9.6. కేబుల్‌లో పోయేది 547 వాట్ల నుంచి 315కు తగ్గుతుంది.

రాగితీగ
లెక్క సరిగ్గా ఉంది. కొనేటప్పుడు జాగ్రత్త. 6 అని ముద్ర వేసి లోపల తక్కువ రాగి ఉన్న కేబుల్ కూడా దొరుకుతుంది. ఐఎస్ఐ మార్కు చూడండి, బిల్లు తీసుకోండి.

పొలంగట్టు
షాపులోనే కొలిచి తెలుసుకునే దారి ఉందా? 100 మీటర్ల చుట్ట అంటే 0.29 ఓము, మల్టీమీటర్‌కు అందదని మాస్టారు అన్నారు.

సైన్సు మాస్టారు
ఉంది, మీ ఫ్యూజు దగ్గర చేసిన పద్ధతే. 12 వోల్టుల బ్యాటరీ, 55 వాట్ల కారు హెడ్‌లైట్ బల్బు తీసుకెళ్ళండి. బ్యాటరీ, బల్బు, చుట్టలోని ఒక్క కోరు, మల్టీమీటర్ 10 ఆంప్స్ సాకెట్, అన్నీ వరసగా కలపండి. మామూలు టాంగ్ టెస్టర్ ఏసీకే పనిచేస్తుంది, ఇది డీసీ కాబట్టి మల్టీమీటరే వాడాలి. సుమారు 4.3 ఆంప్స్ పారుతుంది. ఇంకో మీటరుతో ఆ కోరు రెండు కొసల మధ్య వోల్టేజి చూడండి. రాగి నిజంగా 6 స్క్వేర్ ఎంఎం ఉండి, చుట్ట నిజంగా 100 మీటర్లు ఉంటే 1.23 వోల్టులు వస్తుంది. 1.23 ÷ 4.3 = 0.286 ఓము. కేబుల్ రకాన్ని బట్టి కాస్త ఎక్కువ వచ్చినా పరవాలేదు. 1.6 వోల్టులు వచ్చిందంటే లోపల ఉన్నది నాలుగున్నర స్క్వేర్ ఎంఎం మాత్రమే. చుట్ట పొడవు తగ్గించి ఇస్తే వోల్టేజి తక్కువ వస్తుంది కాబట్టి మీటర్లు కూడా కొలిపించండి. మూడు కోర్లూ విడివిడిగా చూడండి.

పొలంగట్టు
బ్యాటరీ ట్రాక్టర్‌ది ఉంది. రెండో మీటరు ఎలక్ట్రీషియన్ దగ్గర తీసుకుంటా. శనివారం కదిరి వెళ్తున్నాం, చుట్ట అంకెలు ఇక్కడ రాస్తా.